మా ముత్తాత మిలట్రీనా పోలీసా? యానాంలో ఫ్రెంచి కాలం సర్వీసు రికార్డు వెతికిన నా అనుభవం

మా యానాంలో "మా తాత ఫ్రెంచోళ్ళ దగ్గర పనిచేశాడు" అని చెప్పుకునే ఇళ్ళు చాలా ఉన్నాయి. అడిగితే ఒక ఫోటో చూపిస్తారు, ఇంకొంచెం అడిగితే ఇక కాగితాలేం లేవండి అంటారు. మా ఇంట్లోనూ అంతే. మా తాతయ్య వాళ్ళ నాన్న గారు, అంటే మా ముత్తాత, నిలువుగా ఉన్న కెపీ టోపీ పెట్టుకుని, కాళ్ళకి గుడ్డ పట్టీలు చుట్టుకుని నిలబడ్డ ఫోటో ఒకటి ఉంది. ఆయన మిలట్రీలో చేశారని మా తాతయ్య అంటారు, కాదు పోలీసు అని మా నాన్న వైపు పెద్దమ్మ అంటుంది, ఇద్దరూ గట్టిగానే అంటారు. ఆ సంగతి తేల్చుకోవడానికి నేను తిరిగిన ఆఫీసులు, చదివిన రికార్డులు, మధ్యలో మా పోలీసు గురించి తెలుసుకున్నవి అన్నీ ఇక్కడ రాస్తున్నా. మీ ఇంట్లో కూడా ఇలాంటి ఫోటో ఉంటే పనికొస్తుంది.

ముందు బయటి ఊళ్ళవాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. యానాం చుట్టూ ఆంధ్రానే, ఒకవైపు కాకినాడ జిల్లా, గోదావరి దాటితే కోనసీమ. మాట తెలుగే, తిండీ పండగలూ అన్నీ గోదావరి జిల్లాలవే. కానీ మేం పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతం కిందకి వస్తాం కాబట్టి పోలీసు మాత్రం పుదుచ్చేరి పోలీసు. 2011 లెక్కల్లో మా జనాభా 55,626, అంత చిన్న ఊరికి ఒక ఎస్పీ ఉంటారు, ఆయన పైఅధికారులు 800 కిలోమీటర్లకి పైగా దూరంలో పుదుచ్చేరిలో ఉంటారు. అక్కడ డీజీపీ, ఆ కింద ఐజీ, డీఐజీ, సీనియర్ ఎస్పీలు, ఇలా ఓ రాష్ట్రానికి ఉన్నట్టే ఉంటుంది. ఐపీఎస్ ఆఫీసర్లు ఆంధ్రా కేడర్ వాళ్ళు కాదు, ఢిల్లీ, గోవా, అరుణాచల్, మిజోరం, కేంద్రపాలిత ప్రాంతాలు అన్నిటికీ కలిపి ఉండే కేడర్ నుంచి వస్తారు. ఇక్కడ ఒక కేసు హైకోర్టు దాకా వెళ్తే మద్రాస్ హైకోర్టుకి పోవాలి, రోడ్డు అవతల ఆంధ్రా స్టేషన్లో రాసిన కేసేమో అమరావతికి వెళ్తుంది. ఢిల్లీలో పోలీసు అక్కడి ఎన్నికైన ప్రభుత్వం చేతిలో ఉండదు కదా, పుదుచ్చేరిలో అలా కాదు, హోం మంత్రి ఉంటారు, అసెంబ్లీలో పోలీసు బడ్జెట్ మీద చర్చ జరుగుతుంది. సముద్రం వైపు చూసుకోవడానికి కోస్టల్ పోలీసు స్టేషన్ వేరే ఉంది. పుదుచ్చేరిలో ఆర్మ్‌డ్ పోలీసు, ఇండియా రిజర్వ్ బెటాలియన్ ఉన్నాయి. ట్రైనింగ్ అంతా గోరిమేడులో, సెలెక్షన్ పరుగులూ అక్కడి గ్రౌండ్లోనే. మా ఊరి కుర్రాళ్ళు కానిస్టేబుల్ సెలెక్షన్‌కి వెళ్ళాలంటే ముందు రైలు టికెట్ చూసుకోవాలి, ఇప్పటికీ.

కానిస్టేబుళ్ళు, హెడ్ కానిస్టేబుళ్ళు పెట్టుకునే ఆ ఎర్ర కెపీ చూసే ఉంటారు. అది ఫ్రెంచి కాలం నుంచి వస్తున్నదే. దాంతో నాకు ముందు అనిపించింది ఏంటంటే ఫోటోలో కెపీ ఉంది, ఇప్పటి పోలీసుకీ కెపీ ఉంది, కాబట్టి ఆయన పోలీసే, ఇంకేం వెతకాలి అని. కానీ మా తాతయ్య ఒప్పుకోలేదు. "మీ ముత్తాత 1933లో చేరాడు, తుపాకీ పట్టుకుని డ్రిల్లు చేసేవాడు, స్టేషన్లో కూర్చునే ఉద్యోగం కాదురా" అని. ఆయన అంత కచ్చితంగా సంవత్సరం చెప్తుంటే కొట్టిపారేయలేం.

మొదట ఇంట్లోనే వెతికాం. 1996 నవంబరు తుఫాను మా వైపు ఎలా వచ్చిందో చూసినవాళ్ళకి తెలుసు, ఆ నీళ్ళలో ట్రంకు పెట్టె మొత్తం నానిపోయి చాలా కాగితాలు ముద్దయిపోయాయి. మిగిలింది పెన్షన్ పేమెంట్ ఆర్డరు, మా ముత్తమ్మ గారికి ఫ్యామిలీ పెన్షన్ వచ్చేటప్పటిది. దాన్లో ఆయన రిటైరైన సంవత్సరం 1967 అని ఉంది, అది అందరికీ తెలిసిందే, కానీ పోలీసు సర్వీసులో చేరిన తేదీ దగ్గర 1941 అని ఉంది. తాతయ్య చెప్పేది 1933. ఆ మధ్య 8 ఏళ్ళు ఏమయ్యాయి? అసలు ప్రశ్న ఇదే అని అప్పుడు తెలిసింది. ఎవరైనా వెతకడం మొదలుపెడితే పెన్షన్ కాగితంతోనే మొదలుపెట్టండి, పుస్తకాలు, ఆర్కైవ్స్ తర్వాత. దాన్లో నంబరు ఉంటుంది, హోదా ఉంటుంది, డేట్లు ఉంటాయి, ఎక్కడికి వెళ్ళినా ముందు అవే అడుగుతారు.

రెండోది పుట్టిన రిజిస్టరు. ఫ్రెంచి వాళ్ళు జనన మరణ వివాహాలు చాలా పద్ధతిగా రాసి పెట్టారు, ఒక్కో పుట్టుకకి ఒక చిన్న పేరా ఉంటుంది, తండ్రి పేరు, వయసు, వృత్తి, సాక్షుల పేర్లు, సంతకాలు. అవి రెండు చోట్ల ఉంటాయి. ఒక ప్రతి ఇక్కడ యానాంలో, ఇంకోటి ఫ్రాన్స్‌లో ఎక్సాంప్రోవాన్స్ అనే ఊళ్ళో ఉన్న ఓవర్సీస్ ఆర్కైవ్స్‌లో. ఈ రెండోదాన్లో పాత రిజిస్టర్లు స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టారు, యానాంకి వేరే విభాగమే ఉంది, ఇంట్లో కూర్చుని పేజీలు తిప్పుకోవచ్చు. మా ముత్తాత 1912లో పుట్టారు, అంత ఈమధ్య కాలంవి నాకు ఆన్‌లైన్‌లో దొరకలేదు, కానీ వాళ్ళ నాన్న గారి పెళ్ళి దొరికింది, ఆయన వృత్తి కూడా. ముత్తాత పుట్టిన ఎంట్రీ యానాంలోనే అప్లికేషన్ పెట్టి నకలు తీసుకున్నాం.

ఇక్కడ పేర్ల సంగతి చెప్పాలి, దీనికే చాలా టైం పోతుంది. గుమాస్తాకి ఎలా వినపడితే అలా ఫ్రెంచి పద్ధతిలో రాశాడు. మన ఇంగ్లీషు స్పెల్లింగులో యూ ఒక్కటి పెట్టే చోట వాళ్ళు ఓ, యూ రెండూ పెడతారు, కే బదులు సీ ఉంటుంది, శ, ష లకి సీహెచ్. ఒకే మనిషి పేరు పుట్టినప్పుడు ఒకలా, పెళ్ళిలో ఇంకోలా ఉంటుంది. ఇంటిపేరు కొన్నిసార్లు అసలు రాయరు. పైగా 1881 డిక్రీ కింద తమ మత కుల ఆచార చట్టాన్ని వదులుకుని ఫ్రెంచి సివిల్ చట్టం కిందకి వెళ్ళినవాళ్ళు కొత్త ఇంటిపేరు తీసుకున్నారు, మీ ఇంట్లో అలాంటివాళ్ళు ఉంటే తాత పేరుకి, ముత్తాత పేరుకి సంబంధమే కనపడదు. అందుకని తండ్రి పేరు, పేట పేరు పట్టుకుని వెతకండి. ఫరంపేట, కనకాలపేట, ఇసుకతిప్ప, మెట్టకూరు, ఇవి పెద్దగా మారవు.

తర్వాత పుదుచ్చేరి ప్రయాణం. కాకినాడలో సర్కార్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి చెన్నైలో దిగి, అక్కణ్ణించి ఈస్ట్ కోస్ట్ రోడ్డు మీద బస్సు. పాత సర్వీసు రిజిస్టర్లు ఎక్కడుంటాయో అడుగుతూ ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి తిరిగాను, అంత పాతవి మా దగ్గర లేవండి అన్నారు, కానీ పెన్షన్ నంబరు చూసి ఒకాయన పాత ఫైలు తీయించి చూపించారు, ఆయనకి నేను రుణపడి ఉంటాను. దాన్లో అర పేజీ సర్వీసు వివరం ఉంది. 1941లో పోలీసులో ఏజెంటుగా (అంటే మన కానిస్టేబుల్ లాంటి హోదా) చేరిక, తర్వాత ప్రమోషన్, 1954 నవంబరు 1 నుంచి భారత ప్రభుత్వం కింద కొనసాగింపు, 1967లో రిటైర్మెంటు. 1941కి ముందు ఒక్క లైను లేదు.

ఆ అర పేజీలో నన్ను ఆపేసిన విషయం ఇంకోటి ఉంది. 1954 జూన్ 13న యానాం ఫ్రెంచి వాళ్ళ చేతిలోంచి పోయింది, దడాల రఫేల్ రమణయ్య గారి నాయకత్వంలో వాలంటీర్లు వచ్చి ఊరిని స్వాధీనం చేసుకున్నారు. ఆయన మా ఫరంపేట మనిషే, ఒకప్పుడు ఫ్రెంచి పోలీసులోనే పనిచేసినవారు. కానీ పుదుచ్చేరి, కారైకాల్ మాత్రం ఇంకా ఫ్రెంచి కిందే ఉన్నాయి, అక్టోబరు 18న పుదుచ్చేరి దగ్గర కీళూరులో ప్రజాప్రతినిధులు 178 మంది ఓటేసి, అందులో 170 మంది భారత్‌లో కలుద్దాం అన్నాక నవంబరు 1న అధికారం మారింది. అంటే జూన్ 13 నుంచి నవంబరు 1 దాకా యానాంలో ఉన్న పోలీసు ఎవరి పోలీసు? జీతమిచ్చే ఆఫీసు పుదుచ్చేరిలో ఫ్రెంచి జెండా కింద, వీళ్ళు డ్యూటీ చేసే ఊళ్ళో మూడు రంగుల జెండా. ఆ నాలుగున్నర నెలల గురించి ఆ కాగితంలో ఒక్క మాట లేదు, సర్వీసు మాత్రం ఎక్కడా తెగకుండా ఒకటే వరసగా ఉంది. ఆ జూన్‌లో మా ముత్తాత కొన్నాళ్ళు ఇంటికే రాలేదని, ముత్తమ్మ పిల్లల్ని తీసుకుని కాకినాడ పుట్టింటికి వెళ్ళిపోయిందని తాతయ్య చెప్తారు. ఈ ఒక్కటి మాత్రం పెద్దవాళ్ళు ఉండగానే అడిగి రికార్డు చేసుకోండి అని అందరికీ చెప్తాను, కాగితంలో ఇది దొరకదు.

1954 తర్వాత కూడా సంగతి అంత సింపుల్‌గా లేదు. అధికారం మారింది గానీ ఒప్పందం 1956 మే 28న కుదిరింది, ఫ్రెంచి పార్లమెంటు ఒప్పుకుని చట్టప్రకారం అమల్లోకి వచ్చేసరికి 1962 ఆగస్టు 16. స్థానిక ఉద్యోగుల్ని భారత ప్రభుత్వం తీసుకుంటుంది అని ఆ ఒప్పందంలోనే ఉంది, మా ముత్తాత లాంటి వాళ్ళ ఉద్యోగం నిలబడింది అందుకే. ఇక ఇండియన్ పీనల్ కోడ్ ఇక్కడికి వచ్చింది 1963 అక్టోబరు 1న. అంటే దాదాపు 9 ఏళ్ళు మన పోలీసు, మన జెండా కింద, ఫ్రెంచి శిక్షాస్మృతి ప్రకారం కేసులు రాసింది. ఆంధ్రాలో ఆ పక్క ఊళ్ళో దొంగతనం జరిగితే ఒక చట్టం, కాలవ ఇవతల జరిగితే వేరే చట్టం. ఇది మా ఊళ్ళో చదువుకున్న వాళ్ళకి కూడా చాలామందికి తెలీదు, నాకు చాలా బాధనిపించింది, పిల్లలకి ఇవన్నీ చెప్పాలి. చట్టం తేడా వల్ల మా ఊరికి పెళ్ళిళ్ళ ఊరని పేరొచ్చిన సంగతి మాత్రం అందరికీ తెలుసు, 1929 శారదా చట్టం బ్రిటిష్ వైపే చెల్లేది కాబట్టి చుట్టుపక్కల నుంచి బాల్యవివాహాలు చేసుకోడానికి ఇక్కడికి వచ్చేవాళ్ళు. మా ముత్తాత చేరిన 1933లో అవి బాగా జరుగుతున్న రోజులు, ఆ పెళ్ళి గుంపులకి కాపలా కూడా కాశానని ఆయన చెప్పేవారట.

మళ్ళీ ఆ 8 ఏళ్ళ దగ్గరికి వస్తాను. పుదుచ్చేరిలోనే నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ళ రికార్డు సెంటరు ఉంది. అక్కడికి వెళ్ళేముందు ఐడీ కార్డు, ఏం వెతుకుతున్నారో రాసిన ఉత్తరం పెట్టుకోండి. అలాగే రోమాఁ రోలాఁ లైబ్రరీ, 1827లో పెట్టింది, ఫ్రెంచి కాలం ప్రచురణలు చూడాలంటే మంచి చోటు. ఫ్రెంచి ఇండియా ప్రభుత్వం గెజిట్ లాంటిది ఒకటి వేసేది, ఎవర్ని నియమించారు, ఎవర్ని బదిలీ చేశారు, ఎవరికి సెలవిచ్చారు అన్నీ అందులో వచ్చేవి. ప్రతి ఏడాదీ ఒక వార్షిక పుస్తకం కూడా ఉండేది, ఏ ఊళ్ళో ఏ ఆఫీసర్ అనే జాబితాతో. ఈ వార్షిక పుస్తకాలు కొన్ని ఫ్రాన్స్ నేషనల్ లైబ్రరీ వాళ్ళ గాలికా సైట్లో ఫ్రీగా దొరుకుతాయి, నేను రాత్రుళ్ళు ఫోన్లో అవే చదివేవాణ్ణి, ఫ్రెంచి రాదు, ట్రాన్స్‌లేట్ యాప్ పెట్టుకుని ఒక్కో లైను చదివేవాణ్ణి. యానాం పేజీ వచ్చినప్పుడల్లా ఆనందం. పైన అడ్మినిస్ట్రేటరు, ఆ కింద కోర్టు, డాక్టరు, బడి, పోలీసు, అంతా కలిపి కొంచెమే. ఊరికి పెద్ద దిక్కు అడ్మినిస్ట్రేటరే, పోలీసు అంతా ఆయన మాట మీదే.

ఆ జాబితాల్లో పోలీసు ఒక చోట, సిపాయిల కంపెనీ ఇంకో చోట ఉన్నాయి. పోలీసు సివిల్ ఖాతా, సిపాయిలు మిలిటరీ ఖాతా. గెజిట్ పాత సంచికల్లో వెతగ్గా వెతగ్గా మా ముత్తాత పేరు, తండ్రి పేరుతో సహా, సిపాయిల వైపు దొరికింది. 1933లోనే. తాతయ్య చెప్పిన సంవత్సరమే! 1941లో అక్కడ నుంచి వదిలి పోలీసులోకి వచ్చారు.

అయితే మిలట్రీయే కదా మరి, పెద్దమ్మ ఎందుకు పోలీసు అంటుంది అని సిపాయిలు ఏం చేసేవాళ్ళో చదివాను. అక్కడ నాకు అసలు విషయం దొరికింది. 1814 మే 30న పారిస్ ఒప్పందంలో బ్రిటిష్ వాళ్ళు ఫ్రెంచి వాళ్ళకి ఈ ఊళ్ళన్నీ తిరిగి ఇస్తామంటూ షరతు పెట్టారు, 12వ ఆర్టికల్‌లో ఉంది, కోటలు కట్టకూడదు, పోలీసు పనికి కావలసినంత మంది సైనికుల్ని మాత్రమే ఉంచుకోవాలి అని. అంటే ఆ తర్వాత ఇక్కడ ఉన్న ఫ్రెంచి సైన్యం ఎంత ఉండాలో నిర్ణయించింది పోలీసు అవసరమే. యుద్ధం చేసే సైన్యం కాదది. ఖజానాకి కాపలా, జైలుకి కాపలా, ఎలక్షన్ గొడవలప్పుడు వీధుల్లో నిలబడటం, దొర గారి ముందు పరేడు, ఇవే. డ్రిల్లు మిలట్రీ, పని పోలీసు. తాతయ్య చూసింది డ్రిల్లు, పెద్దమ్మ విన్నది పని. ఇద్దరూ చెప్పిందీ నిజమే, వందేళ్ళకి పైగా ముందు యూరప్‌లో రాసుకున్న ఒక్క లైను వల్ల ఇద్దరిదీ నిజమైంది. ఇంటికి ఫోన్ చేసి చెప్పాను, తాతయ్య ఆ సంతకాలు ఎవరు పెట్టారు, ఏ ఊళ్ళో పెట్టారు అని అన్నీ అడిగి తెలుసుకున్నారు.

రికార్డులు ఇలా ఎందుకు చీలిపోయాయో కూడా అప్పుడే అర్థమైంది. 1956 ఒప్పందంలోనే ఉంది, చరిత్రకి సంబంధించిన రికార్డులు ఫ్రాన్స్ దగ్గర ఉంచుకుంటుంది, పరిపాలనకి కావలసినవి భారత్‌కి ఇస్తుంది అని. పోలీసు ఉద్యోగి సర్వీసు పరిపాలన కిందకి వస్తుంది కాబట్టి 1941 నుంచి ఇక్కడ ఉంది. సిపాయిగా చేసింది ఫ్రెంచి సైన్యం లెక్క కాబట్టి ఇక్కడ లేదు. ఫ్రాన్స్‌లో సైనిక సిబ్బంది ఫైళ్ళు పో అనే ఊళ్ళో ఉన్న ఆర్కైవ్స్‌లో పెడతారు, పాత పరిపాలన కాగితాలు ఇందాక చెప్పిన ఎక్సాంప్రోవాన్స్‌లో. మనవాళ్ళు కొంతమంది అప్పట్లో ఫ్రెంచి వాళ్ళ కిందే ఉన్న సైగాన్ (ఇప్పటి వియత్నాం) వైపు వెళ్ళి అక్కడ కూడా పోలీసు, కస్టమ్స్, జైలు ఉద్యోగాలు చేశారు, అలాంటివాళ్ళవి ఇండోచైనా ఖాతాలో వెతకాలి, ఇండియా ఖాతాలో కాదు.

పో ఆర్కైవ్స్‌కి రాసేటప్పుడు పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, తండ్రి పేరు ఫ్రెంచి రిజిస్టర్లో ఏ స్పెల్లింగుతో ఉందో అదే స్పెల్లింగుతో రాయాలి, పుట్టిన నకలు, మనం వారసులమని చూపించే కాగితాలు, మన ఐడీ కాపీ జత చేయాలి. నేను ఫ్రెంచిలో చిన్న ఉత్తరం రాయించుకుని పంపాను, సర్వీసు వివరాల నకలు కావాలి అని స్పష్టంగా అడిగాను, ఏ కంపెనీ, ఏ సంవత్సరాలు అనేది గెజిట్ సంచిక తేదీతో సహా ఇచ్చాను. కొన్ని నెలలకి జవాబు వచ్చింది, రెండు పేజీలు స్కాన్ చేసి పంపారు. చేరిన తేదీ, ఎత్తు, గుర్తులు, చదువు దగ్గర తెలుగు చదవడం రాయడం వచ్చు, ఫ్రెంచి కొద్దిగా వచ్చు అని, పుదుచ్చేరిలో శిక్షణ, తర్వాత యానాం డిటాచ్‌మెంటు, 1941లో విడుదల. శిక్షలు అనే గడిలో రాత్రి కాపలాకి ఆలస్యంగా వచ్చినందుకు రెండు రోజులు అని ఉంది, అది చదివి మా ఇంట్లో అందరూ ఆయన్ని కళ్ళారా చూసినంత సంతోషపడ్డారు.

ఇప్పుడు చేస్తున్న పని ఏంటంటే, ఫరంపేట, కనకాలపేట వైపు ఇంకో నాలుగైదు కుటుంబాల వాళ్ళు వాళ్ళ తాతల వివరాలు తెచ్చి ఇచ్చారు, వాళ్ళకి ముందు పెన్షన్ కాగితాలు చూసి ఎవరిది సివిల్ ఖాతా, ఎవరిది మిలిటరీ ఖాతా అని విడదీస్తున్నాను, సివిల్ వాళ్ళవి పుదుచ్చేరిలో, మిలిటరీ వాళ్ళవి పో లో అడగాలి. గెజిట్ పేజీలు ఫోటో తీసినవి నా దగ్గర కొన్ని ఉన్నాయి, 1930ల నుంచి 1940ల మొదటి దాకా. మీ వాళ్ళు యానాం పోలీసులో గానీ సిపాయిల్లో గానీ చేసి ఉంటే పేరు, తండ్రి పేరు, పేట, సుమారు చేరిన సంవత్సరం చెప్పండి, ఆ పేజీల్లో ఉందేమో చూసి చెప్తాను.